శీతకాలపు టుడుపులు

వస్త్రమునకు ప్రయోజనములు మూడు. మానరక్షణ మొకటి, దేహరక్షణ మొకటి, శోభ యొకటి. మన తెలుగునాట మొదటిదానిని గూర్చి నీతిబోధలును, మూడవదానిని గూర్చి పెండ్లిండ్లలో చర్చలును కావలసినన్ని కలవు. రెండవదానిని గూర్చి యాలోచించువారే తక్కువ. దీనికి కారణము లేకపోలేదు. మనది యెండలదేశము. సంవత్సరములో ఎనిమిది తొమ్మిది నెలలు చెమట తుడుచుకొనుటతోనే సరిపోవును. మిగిలిన కొలదిదినముల చలి మనకు చుట్టపుచూపుగా వచ్చిన యతిథివంటిది. శివరాత్రికి శివశివా యని పోవును గదా యని దానికొఱకు ఏ సన్నాహమును చేయము. పుష్యమాసమునకు పూసంత వేసవి యను సామెతను చెప్పుకొని, ఆ పూసంత వేసవికై యెదురుచూచుచు రెండు మాసములు వణకుచు కూర్చుందుము. వచ్చిన యతిథి యల్పకాలమే యుండునని యతనికి పీట వేయకుందుమా?

నేను పుట్టి పెరిగినది భీమునిపట్నపు సముద్రతీరమున. అచ్చట మాఘమాసమునందు సయితము తెల్లవాఱుజామున నొక దుప్పటి కప్పుకొన్న చాలును. ఉపాధ్యాయవృత్తిలో బదిలీపై పాడేరునకు వచ్చి యాఱు సంవత్సరములైనది. ఈ యూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇంకను పైనున్న లంబసింగి సుమారు 1,000 మీటర్ల యెత్తుననున్న పల్లె. చలికాలమున అచ్చటి పొగమంచును చూచుటకు పట్టణములనుండి జనులు కార్లలో వచ్చి, ఒకపూట వణకి, ఛాయాచిత్రములు తీసికొని, సంతోషముతో దిగిపోవుదురు. మేము దిగిపోవువారము కాము. మార్గశిర పుష్యమాసములలో పెక్కు ఉదయములు 10 డిగ్రీలకు దిగువనుండు నీ ప్రదేశమున, బడిగంట మ్రోగువేళ పిల్లల నోటినుండి మాటకంటె ముందు ఆవిరి వెడలును. మా యింట నైదుగురము: మా తల్లి, నేను, నా భార్య, పదునాలుగేండ్ల కుమార్తె, పదియేండ్ల కుమారుడు. ఒక్క యుపాధ్యాయుని జీతముతో ఐదుగురకును వెచ్చగను, ముచ్చటగను నుడుపు లమర్చుట యెట్లో యీ యాఱేండ్లలో కొంత తెలిసినది. అది యితర కుటుంబములకు పనికివచ్చునని వ్రాయుచున్నాను.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, బట్ట మనకు వెచ్చదన మీయదు. వెచ్చదనము మన దేహములోనిదే. బట్ట దానిని పోనీయక కాపాడును, అంతియే. కాపాడునదియు పోగులు కావు. పోగులనడుమ చిక్కి కదలకయున్న గాలి. నిశ్చలమైన గాలిగుండ వేడి మిక్కిలి మెల్లగా పోవును. కావున ఎంత గాలిని నిలుపగలిగిన నంత వెచ్చని బట్ట. గొఱ్ఱెయున్ని స్వభావముచేతనే వంకరలు తిరిగియుండును. ఆ వంకరలలో గాలి నిలుచును. అదిగాక ఉన్ని తన బరువులో నూటికి ముప్పదిపాళ్ల వఱకు తేమను పీల్చుకొనియు చేతికి తడిగా తోపదు. నూలుబట్ట తడిసినచో, దానిలోని గాలి యుండవలసినచోట నీరు నిండి, మనవేడిని కాపాడకపోగా తానే హరించును. మంచుకురియు చోట ఈ భేదము చిన్నది కాదు.

మా యమ్మాయి యొకనాడు, "నాన్నగారూ, స్వెటరును కుర్చీకి తొడిగిన కుర్చీ వెచ్చబడునా?" యని యడిగినది. వెచ్చబడదనియు, మంచుగడ్డకు తొడిగినచో అది మఱింత మెల్లగా కరుగుననియు చెప్పితిని. నా మాట నమ్మక, ఫ్రిజ్జులోనుండి రెండు మంచుముక్కలు తెచ్చి, ఒకదానిని ఉన్నిలో చుట్టి, రెండవదానిని పళ్లెములో నుంచి, గడియారము ముందు కూర్చుండి తానే చూచినది. పళ్లెములోనిది నీరైన తరువాతను ఉన్నిలోనిది ముక్కగానే యుండెను. అప్పటినుండి ఆమె తమ్మునికి ఈ పాఠము నాకంటె బాగుగా చెప్పుచున్నది.

ఈ యొక్క సూత్రము తెలిసినచో తక్కిన వన్నియు దానినుండియే వచ్చును. ఒక దళసరి కోటుకంటె రెండు పలుచని యుడుపులు మేలు. రెంటినడుమ నొక గాలిపొర యదనముగా చేరును, ఎండ యెక్కినపు డొకటి విప్పివేయవచ్చును. ఒంటినంటి మెత్తని నూలుబనియను, దానిపై ఉన్ని స్వెటరు, స్కూటరుపై పోవువారికి దానిపైని గాలిచొరని పలుచని జర్కిను, ఈ మూడును చాలును. బిగుతుగా తొడిగిన స్వెటరు గాలిని వెళ్లగొట్టును గనుక అది పెద్దదైనను కావలెను గాని చిన్నది కారాదు. తలనుండియే వేడి యధికముగా పోవునని యొక వాడుక కలదు. తల దేహమున ఇంచుమించుగా పదవవంతు. దానినుండి పోవు వేడియు నించుమించుగా నంతే. చెవులు చలిని త్వరగా గ్రహించును గనుక టోపీ కావలసినదే. కాని టోపీ పెట్టి కాళ్లను విడుచుట తగదు. చన్నేలపై వట్టికాళ్లతో తిరుగువారికి మఫ్లరుకంటె ముందు మేజోళ్లు కొనవలెను.

ఉన్ని మన పూర్వులకు తెలియనిదని యనుకొనరాదు. అమరసింహుడు తన నిఘంటువున వస్త్రములకు పుట్టుచోట్లు నాలుగని చెప్పెను: చెట్టుపట్ట, కాయ, పురుగు, రోమము. నారచీర, నూలుచీర, పట్టుచీర, కంబళి యీ నాలుగింటికిని ప్రతినిధులు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున భాండాగారమునకు తగిన వస్తువులను పరీక్షించు విధమును చెప్పుచు, ఉన్నిబట్టలలో సన్ననిదియు, మెత్తనిదియు, తడిసినట్లు నునుపైనదియు శ్రేష్ఠమనెను. వాన నాపు నేపాళపు నల్లకంబళ్లను గూడ పేర్కొనెను. తెలంగాణమునందును రాయలసీమయందును గొఱ్ఱెలకాపరులు తరతరములుగా గొంగళ్లు నేయుచున్నారు. దక్కనీ గొఱ్ఱె నల్లయున్నిని కత్తిరించి, స్త్రీలు వడికి, పురుషులు గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పెట్టిన గొంగళి, వానకు గొడుగు, రాత్రికి పఱపు, చలికి కవచము. మాంసమునకై ఉన్నిలేని జాతులను పెంచుట ప్రబలినకొలది ఆ నల్లగొఱ్ఱెలును, వానితో గొంగళ్లును తగ్గిపోవుచున్నవి. గొంగళి ముతకదని నవ్వుట సులభమే. గొంగళిలో భుజించుచు వెంట్రుకలేరు వానిని గూర్చి మనవారు సామెతయే చేసిరి. మా తల్లి మంచముపై మాత్రము లోపల నూలుదుప్పటి, పైని గొంగళి. నూలుదుప్పటి ముతకదనమును మాన్పును, గొంగళి చలిని మాన్పును. విదేశపు రగ్గు మాకు కావలసి రాలేదు.

నేటి యంగడిలో ఉన్ని యని యమ్మునదంతయు ఉన్ని కాదు. అందధికభాగము ఆక్రిలిక్, అనగా రాతినూనెనుండి వచ్చు పదార్థములతో చేసిన పోగు. అది చౌక, ఉతుకుట సులభము, పురుగు పట్టదు. ఏటేట పొడుగగు పిల్లలకు అది చాలును. నేను దానిని నిందింపను. కాని అది తేమను పీల్చదు. నిప్పు తగిలినచో కరగి యొంటికంటుకొనును. ఉన్ని సులభముగా నంటుకొనదు; అంటుకొన్నను నిప్పును తొలగింపగనే తఱచుగా ఆఱిపోవును. భేదము తెలియవలసినచో ఒక పోగును లాగి, పట్టకారుతో పట్టి, మంటకు చూపవలెను. కాలిన వెంట్రుకవాసన వచ్చి, బూడిద వ్రేళ్లనడుమ నలిగినచో ఉన్ని. గట్టి పూసవలె ముద్దకట్టినచో ఆక్రిలిక్. పశ్మీనా యను పేరు మఱియొక మాయ. నిజమైన పశ్మీనా లడఖు ఎత్తుభూములలో పెరుగు చాంగ్‌థాంగీ మేకల లోపలి నూగు. దాని సన్నదనము 12 మొదలు 16 మైక్రాన్లు. కాశ్మీరపు పశ్మీనాకు 2008లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. వీథిలో నాలుగువందలకు దొరకు పశ్మీనా ఆ మేకను చూచి యెఱుగదు. షాతూష్ అనునది యింకొకటి కలదు. చిరు అను టిబెటు జింకను చంపిననే గాని దాని రోమములు లభింపవు. ఆ వ్యాపారము మన దేశమున నిషిద్ధము. ఉంగరములో దూరునంత సన్నమని మురిసి దానిని ధరించువారు ఒక ప్రాణియొక్క మరణమును భుజమున వేసికొనుచున్నారు.

కార్తీకమాసము వచ్చుసరికి విశాఖపట్నమువంటి పట్టణములలో టిబెటువారు స్వెటరుల యంగళ్లు తెఱతురు. 1959లోను, తరువాతను స్వదేశమును విడిచి మన దేశమునకు వచ్చినవారును, వారి సంతతివారును వీరు. వీరమ్ము సరకు పెక్కుభాగము లూధియానాలో తయారైనది. మే మేటేట కొను యంగడిలో నొక వృద్ధురాలు కలదు. తెలుగు కొలదిగా వచ్చును. ఆమె చెప్పిన మాట యొకటి నేను మఱవలేదు. "భర్తకు కొను ఆడవారు కొలత చెప్పుదురు. భార్యకు కొను మగవారు కొలత యడిగిన దిక్కులు చూతురు" అని. చలిదేశమునుండి వచ్చిన యామె మన యెండలదేశపు సంసారమును బాగుగనే చదివినది.

ఇక సొగసు మాట. చలియుడుపులలో సొగసు వెదకుట విలాసమని కొందఱందురు. నా యభిప్రాయ మది కాదు. తొడుగని యుడుపు చలి నాపదు. తనకు సిగ్గు కలిగించు స్వెటరును ఇంటివద్ద తొడిగికొని, వీథిమలుపున విప్పి సంచిలో పెట్టుకొని, వణకుచు బడికి వచ్చు పిల్లలను నేను తరగతిలో చూచుచున్నాను. తండ్రి రూకలు పోయినవి, బిడ్డ చలి పోలేదు. కావున గుడ్డను, దళసరిని, కుట్టును మనము చూచి, రంగును, తీరును పిల్లల కిష్టమైనట్లు ఎన్నుకొననీయవలెను. మా యమ్మాయి నెమలికంఠపు రంగును కోరినది. మూడేండ్లనుండి దానిని విడువక తొడుగుచున్నది. సొగసనగా వెల కాదు, పొందిక. బూడిదరంగుదో, ముదురునీలముదో యొక స్వెటరుండిన, దానిపైకి మఫ్లరును మాత్రము మార్చి వారమంతయు క్రొత్తగా కనబడవచ్చును. శాలువను ఒక్క పట్టుచీరకు సరిపోవునట్లు కాక, ఇంటనున్న నాలుగు చీరలకును సరిపోవు రంగున కొనవలెను. అట్లయిన మాఘమాసపు పెండ్లిండ్లకును అదియే యక్కఱకు వచ్చును.

మా యబ్బాయికి మంకీ క్యాపన్న నవ్వు. టెన్నిసను పద్యమును చెప్పునపుడు నా తరగతికి చెప్పు సంగతినే వానికిని చెప్పితిని. 1854లో క్రిమియాయుద్ధమున బాలక్లావా యనుచోట ఆంగ్లేయుల యాశ్వికదళ మొకటి పొరపాటైన యాజ్ఞవలన ఫిరంగులమీదికి దూకెను. ఆ దళమును నడిపినవాడు కార్డిగను ప్రభువు. ముందు గుండీలుండు స్వెటరున కాయన పేరు నిలిచినది. సేనాధిపతి రాగ్లను ప్రభువు. మెడనుండి చంకకు ఏటవాలుగా కుట్టు చేతుల కాయన పేరు. మంకీ క్యాపునకు ఇంగ్లీషున ఆ యూరిపేరే పేరు. ఆ యుద్ధమున సైనికులు గుండ్లవలనకంటె రోగములవలన నెక్కువగా చచ్చిరి. ఇంత విని మావాడు, "అయితే నాన్నగారూ, ఇది సిపాయిల టోపీయా?" యని తలకు తొడిగికొనెను. కథయు నొక యలంకారమే.

ఇంతవఱకు చెప్పినది సులభము. కష్టమైనది యిక చెప్పవలెను. మన యిండ్లలో చలియుడుపుల కొనుగోలు ఏ వరుసను జరుగునో చూడుడు. యజమానుడు నలుగురిలో తిరుగువాడు గనుక ఆయనకు కోటు. కాలేజికి పోవు కుమారునికి జర్కిను. పసిబిడ్డకు టోపీ, మేజోళ్లు. కుమార్తెకు అన్న విడిచిన స్వెటరు. ఇల్లాలివంతు వచ్చుసరికి సొమ్ము మిగులదు. మిగిలినను ఆమెయే, "నాకెందుకండీ, నేను పొయ్యిదగ్గఱనే కదా యుందును" అనును. ఈ వాక్యమును నేను బంధువుల యిండ్లలో, మిత్రుల యిండ్లలో ఎన్నిమార్లు వింటినో లెక్కలేదు. అది త్యాగమని మెచ్చుకొందుము. మెచ్చుకొని కోటు తొడిగికొందుము.

పొయ్యి వెలుగకముందు ఆమె యెచ్చట నున్నది? ధనుర్మాసమున అందఱికంటె ముందు లేచి, వట్టికాళ్లతో వాకిట నీళ్లు చల్లి, తడితలతో వంగి ముగ్గు పెట్టుచున్నది. పొట్టిచేతుల రవికయు, పలుచని నూలుచీరయు ఆమె కవచము. ముగ్గు పూర్తియైన తరువాత శాలువ కప్పుకొని వచ్చి, వార్తాపత్రిక చేతబట్టి, "ముగ్గు బాగున్నది" యనువాడు యజమానుడు. ఎవరు మొదట లేతురో, ఎవరు చన్నీట చేతులు పెట్టుదురో, వారికి మొదట కొనవలెను. ఇది యుదారత కాదు, లెక్క.

చీరపై స్వెటరు బాగుండదని యొక యాక్షేపణ కలదు. మగవాని కొలతతో కుట్టిన దొడ్డస్వెటరును చీరపై తొడిగిన బాగుండని మాట నిజమే. దానికి మార్గములు లేకపోలేదు. పొడవుచేతుల ఉన్నిరవిక చీరలోపలనే యిముడును. నడుమువఱకే యుండి ముందు గుండీలుండు కార్డిగనును రవికపై తొడిగి, దానిమీదుగా పైట వేసికొన్న చీర సొగసు చెడదు. వంటయింట మాత్రము వ్రేలాడు శాలువయు, ఆక్రిలిక్ ఉడుపును పనికిరావు. అచ్చట ఒంటికి సరిపోయిన ఉన్నిదే క్షేమకరము. నా భార్య మొదటినాడు కార్డిగను తొడిగి ముగ్గుపెట్టి వచ్చి, "ఏమండీ, ఇరుగుపొరుగువారు నవ్వుదురేమో" యన్నది. మూడవనాడు ఎదురింటి యామె వచ్చి యెచ్చట కొంటిరని యడిగినది. ఈ వీథిలో నిప్పు డట్టివి నాలుగు కలవు. పెక్కు సంస్కరణము లిట్లే వ్యాపించును. మొదటివారిని చూచి నవ్వుటకు జనులకు రెండు దినములకంటె తీరిక యుండదు.

మా తల్లికి డెబ్బదిరెండేండ్లు. మడి విడువదు. రాత్రి యాఱవేసిన మడిబట్ట యీ మంచులో తెల్లవాఱుసరికి చెమ్మగానే యుండును; దానినే కట్టుకొని పూజకు కూర్చుండెడిది. నే నొకనాడు, "అమ్మా, మీ యమ్మగారు ధావళి కట్టెడివారని నీవే చెప్పితివి గదా. ఉన్నిబట్టకు నూలుబట్టవలె మైల లేదని మన యాచారమే చెప్పుచున్నది. చెమ్మబట్ట యెందుకు?" అంటిని. ఆమె నావంక చూచి, "అబ్బాయీ, శాస్త్రము చూచి చెప్పుచున్నావా, చలి చూచి చెప్పుచున్నావా?" యన్నది. "రెండును చూచియే, అమ్మా" అంటిని. కొంతసేపూరకుండి, "మా యమ్మ ధావళి యెఱ్ఱయంచుది" అన్నది. అట్టిది దొరకలేదు, తెల్లని మేలియున్నిశాలువ యొకటి తెచ్చితిని. ఇప్పు డామె పూజ పూర్వమువలెనే జరుగుచున్నది, దగ్గు మాత్రము లేదు. మన యాచారములలో చాలవాటిని త్రోసివేయ నక్కఱలేదు; వానిలోనే దయకు చోటుంచిన తావులు కలవు. వెదకి చూపువారు కావలెను.

ఇంటివారితోనే లెక్క ముగియదు. వేకువనే వచ్చి చన్నీట గిన్నెలు తోము పనిమనిషికి మన చలియే చలి. ఆమెకు వేడినీరును, ఒక స్వెటరును ఇచ్చుట యజమానురాలి దయ కాదు, పనిలోని భాగము. పాతయుడుపుల నీయదలచినచో అవి యింకను బాగుగా నున్నపుడే యీయవలెను. మోచేతులు చినిగిన పిదప నిచ్చుట దానము కాదు, పెట్టె ఖాళీచేసికొనుట. మఱియొక హెచ్చరిక. చలికి తాళలేక కుంపటి నింటిలో పెట్టి తలుపులు మూసి పరుండువారు కలరు. బొగ్గులనుండి పుట్టు విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఒక కంబళి వెలకు ప్రాణములను పణము పెట్టరాదు.

ఉన్ని వెల యధికమని భయపడువారు దాని యాయువును గూడ లెక్కింపవలెను. గోరువెచ్చని నీట, కొలది మెత్తని సబ్బుతో ఉతికి, మెలిపెట్టక యదిమి, నీడను పఱచి యాఱబెట్టిన ఉన్నిస్వెటరు పదియేండ్లు నిలుచును. తీగపై వ్రేలాడదీసిన సాగును. వేడినీట ఉతికిన కుంచించుకొనును. శివరాత్రి దాటిన పిమ్మట ఉతికి, బాగుగా నాఱిన తరువాత, ఎండిన వేపాకులతో మూటగట్టి దాచవలెను. పురుగు మురికిబట్టనే ముందుగా వెదకును. ఒక్క యేట నందఱకును కొనలేనివారు, ఏటికొకరికి మంచిది కొనుట మేలు. వరుస మాత్రము నేను పైని చెప్పిన లెక్కనుబట్టి యుండవలెను.

సంఘసంస్కారమును గూర్చి సభలలో గట్టిగా మాటలాడి యింటికి వచ్చుసరికి, వేసిన గొంగళి వేసినచోటనే యుండుట మనలో తఱచు. ఈ సంస్కారమునకు సభ యక్కఱలేదు, తీర్మాన మక్కఱలేదు. కార్తీకమాసమునకు ముందొక యాదివారమునాడు బీరువా తెఱచి, ఇంటిలోని యుడుపులను మంచముమీద పఱచి, అందెవరిది లేదో చూచిన చాలును.